సౌండు ఎక్కడ పగులుతుంది?

పెళ్లి ఊరేగింపులో వీధంతా ఊపేసిన మిక్సునే ఇంట్లో రికార్డు చేసి ఫోనుకు పంపితే గరగరమంటుంది. ప్రొద్దుటూరులో దసరా, జమ్మలమడుగులో వినాయక నిమజ్జనం, పులివెందులలో పెళ్లి, సందర్భం ఏదైనా సరే, బండి మీద బాక్సులు పేర్చి పాటలు కలిపే కుర్రాళ్లకు ఈ చిక్కు బాగా తెలుసు. గంటసేపు కష్టపడి కలిపిన మిక్సుకు వచ్చే జవాబు ఒక్క ముక్క: "అన్నా, సౌండు పగుల్తాంది."

వెంటనే తట్టే ఆలోచన సామాను మార్చాలని. కొత్త మిక్సరు, కొత్త సౌండ్ కార్డు, ఖరీదైన వైర్లు. చాలాసార్లు లోపం వాటిలో ఉండదు. పాట ఫైలు నుంచి బయల్దేరిన శబ్దం రికార్డయిన ఫైలులోకి చేరేలోగా గెయిన్, ఫేడర్, మాస్టర్, కేబుల్, సౌండ్ కార్డు ఇన్‌పుట్, సాఫ్ట్‌వేర్ అని అరడజను చోట్ల చేతులు మారుతుంది. వాటిలో ఏ ఒక్క చోట పగిలినా ఆ తర్వాతి చోట్లు ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. పైగా పగిలిన శబ్దాన్ని మళ్లీ పూర్తిగా అతికించే సాఫ్ట్‌వేర్ ఇంతవరకు లేదు. అందుకే ఇంట్లో మిక్సు రికార్డు చేసేవాళ్లు గట్టిగా మోగించాలన్న కోరికను ఆ గంటసేపు పక్కన పెట్టాలని నా గట్టి నమ్మకం. గట్టిగా వినిపించే పని బాక్సులది, యాంప్లిఫయర్‌ది. రికార్డింగ్‌లో ఉండాల్సింది ఖాళీ.

ఎందుకో తెలియాలంటే కంప్యూటర్ శబ్దాన్ని ఎలా రాసుకుంటుందో కొంచెం చూడాలి. మిక్సర్ నుంచి వచ్చే వోల్టేజి హెచ్చుతగ్గుల్ని అది క్షణక్షణం కొలిచి అంకెలుగా దాచుకుంటుంది. సీడీ కోసం ఫిలిప్స్, సోనీ కంపెనీలు 1980లో ఖాయం చేసుకున్న లెక్క ప్రకారం సెకనుకు 44,100 కొలతలు. మనిషి చెవి మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కంటే కాస్త ఎక్కువసార్లు కొలిస్తే చాలు, శబ్దం ఏమీ పోకుండా తిరిగి వస్తుందని హ్యారీ నైక్విస్ట్ 1928లో వేసిన పునాది మీద క్లాడ్ షానన్ 1949లో నిరూపించారు. కాబట్టి పాటలన్నీ 44.1 కిలోహెర్ట్జ్‌లో ఉన్నప్పుడు రికార్డింగ్‌ను 96కు మార్చుకుంటే ఫైలు బరువు పెరుగుతుందే తప్ప పాటలో లేనిది కొత్తగా రాదు.

బిట్ల సంగతి వేరు. 16 బిట్లంటే ఒక్కో కొలతకు 65,536 మెట్లు. అన్నిటికన్నా గట్టి శబ్దానికీ, అడుగున ఉండే రొదకూ మధ్య 96 డెసిబెల్స్ దూరం. 24 బిట్లయితే ఆ దూరం లెక్క ప్రకారం 144. ఇక్కడ చాలామంది గమనించని విషయం ఒకటుంది. ఆ అదనపు చోటు పై వైపు రాదు, కింది వైపు వస్తుంది. రెండింటిలోనూ పై హద్దు ఒకటే, సున్నా డెసిబెల్. 24 బిట్ల వల్ల వచ్చే మేలు ఏమిటంటే, లెవెల్ బాగా తగ్గించి రికార్డు చేసినా సన్నని వివరాలు రొదలో మునిగిపోవు. అంటే భయం లేకుండా తగ్గించుకోవచ్చు.

ఆ సున్నా దాటితే కంప్యూటర్ దగ్గర రాసుకోవడానికి అంకె ఉండదు. గుండ్రంగా లేచి దిగాల్సిన అల పైభాగం బల్లపరుపుగా తెగిపోతుంది. దీన్నే క్లిప్పింగ్ అంటారు. తెగిన అంచు వల్ల పాటలో లేని కొత్త కంపనాలు పుడతాయి. 60 హెర్ట్జ్ బేస్ దెబ్బ తెగితే 180, 300, 420 హెర్ట్జ్‌లలో దాని పిల్లలు మొలుస్తాయి. చెవికి గరగరగా తగిలేవి అవే. బాక్సుల్లో ట్వీటర్లు కాలిపోవడానికీ ఇదొక కారణం. తెగిన అల పుట్టించిన పై కంపనాల శక్తి అంతా వాటి మీదే పడుతుంది.

మిక్సర్ మీద కనిపించే సున్నా వేరు, కంప్యూటర్‌లో సున్నా వేరు. ఈ తేడా తెలియకపోవడం వల్లే సగం రికార్డింగులు పాడవుతాయి. మామూలు అనలాగ్ మిక్సర్‌లో సున్నా అంటే హాయిగా పనిచేసే లెవెల్. దాని పైన ఇంకా 18, 20 డెసిబెల్స్ దాకా చోటుంటుంది. అందుకే బండి మీద లైట్లు అప్పుడప్పుడూ ఎర్రబడినా బాక్సులు నెట్టుకొచ్చేస్తాయి. కంప్యూటర్‌లో సున్నా అంటే గోడ. రోడ్డు మీద అలవాటైన చెయ్యి ఇంట్లోనూ అదే ఎర్ర లైటు కోసం చూస్తే గోడను గుద్దుకోక తప్పదు.

ఇంకొక మోసం ఉంది. ఛానెల్ గెయిన్ దగ్గరే పాట తెగిపోయి, మాస్టర్ నాబ్ తగ్గించి ఉందనుకోండి. కంప్యూటర్‌లో మీటరు పచ్చగానే కనిపిస్తుంది, శబ్దం మాత్రం పగిలే ఉంటుంది. అందుకే లెవెల్ సరిచూసుకోవడం మొదటి నాబ్ నుంచి మొదలుపెట్టాలి. ఈ రోజుల్లో వచ్చే సినిమా పాటలు దాదాపు సున్నా అంచుదాకా నింపే వస్తున్నాయి. దాని మీద బేస్ ఈక్యూ కాస్త పెంచామంటే ఆ ఒక్క చేష్టతోనే హద్దు దాటినట్టు. పెంచాలనిపించినప్పుడు మిగతావి తగ్గించడం మేలు.

అసలు పరీక్ష రెండు పాటలు కలిసే చోట. డీజే మిక్సుకూ మామూలు పాటల రికార్డింగుకూ ఉన్న తేడా అంతా అక్కడే ఉంది, నిదానంగా చూడాల్సిన చోటు కూడా అదే. సంబంధం లేని రెండు శబ్దాలు ఒకే లెవెల్‌లో కలిస్తే మొత్తం 3 డెసిబెల్స్ పెరుగుతుంది. కానీ డీజే పనే బీటు మీద బీటు కూర్చోబెట్టడం. రెండు పాటల కిక్ డ్రమ్ము దెబ్బలు సరిగ్గా ఒకే క్షణాన, ఒకే దిశలో లేస్తే వోల్టేజి రెట్టింపవుతుంది, అంటే 6 డెసిబెల్స్. విడివిడిగా మైనస్ 3 దగ్గర చక్కగా మోగుతున్న రెండు పాటలు కలవగానే ప్లస్ 3కి ఎగబాకుతాయి. మిక్సు మొత్తం బాగుండి, పాట మారే ఆ పదిహేను సెకన్లలోనే పగిలిందంటే కారణం ఇదే. ఎంత బాగా బీటు కలిపితే అంత ఎక్కువ పగులుతుందన్నమాట.

దీనికి ఎదురుదెబ్బ కూడా ఉంది. 60 హెర్ట్జ్ అల ఒక్కసారి లేచి దిగడానికి సుమారు 17 మిల్లీసెకన్లు పడుతుంది. రెండో పాట కిక్ అందులో సగం, అంటే 8 మిల్లీసెకన్లు వెనకబడితే, ఒకటి లేచేటప్పుడు రెండోది దిగుతుంది. రెండూ ఒకదాన్నొకటి తినేస్తాయి. నిమిషానికి 128 బీట్ల పాటలో బీటుకూ బీటుకూ మధ్య దాదాపు 470 మిల్లీసెకన్లు ఉంటాయి గనక, 8 మిల్లీసెకన్ల తేడా చెవికి రెండు దెబ్బలుగా వినబడదు. బీటు కలిసినట్టే ఉంటుంది, బేస్ మాత్రం ఎక్కడికో పోతుంది. ఆ కంగారులో బేస్ నాబ్ తిప్పేస్తారు. మరుక్షణం అలలు మళ్లీ కలుస్తాయి, బాక్సు చీలినట్టు మోగుతుంది. పాట మార్చేటప్పుడు వస్తున్న పాట బేస్ పూర్తిగా తగ్గించి ఉంచి, డ్రాప్ (బీటు ఒక్కసారిగా దిగే చోటు) దగ్గర పోతున్న పాట బేస్ తీసేసి దీని బేస్ ఎక్కించే పద్ధతి ఇందుకే పుట్టింది. అది స్టైలు కోసం చేసేది కాదు, భౌతికశాస్త్రం అడిగే పని. ఒక సమయంలో ఒకే బేస్ ఉండాలి.

లెక్కగా చెప్పాలంటే ఒక్కో పాట అత్యధికంగా మైనస్ 10 దగ్గర, రెండూ కలిసిన చోట మైనస్ 4, 3 దాటకుండా చూసుకుంటే నిశ్చింత. రికార్డు చేసేముందు మిక్సు మొత్తంలో అన్నిటికన్నా గట్టిగా ఉండే కలయికను ఒకసారి వాయించి చూసి, దానికి తగ్గట్టు గెయిన్ పెట్టుకొని, ఆ తర్వాత గెయిన్ ముట్టుకోకుండా ఉంటే ఇంకా మంచిది. రికార్డింగ్ చప్పగా, సన్నగా వినిపిస్తుంది. వినిపించనివ్వండి.

ఇక పాటల సంగతి. మిక్సు నాణ్యత దానిలో వేసిన ఫైళ్లను మించి పోదు. ఎంపీ3 పద్ధతిని జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ బృందం రూపొందించింది. ఒక గట్టి శబ్దం మోగుతున్నప్పుడు దానికి దగ్గరి పౌనఃపున్యంలో ఉన్న సన్న శబ్దాన్ని చెవి పట్టించుకోదు. ఆ సన్నదాన్ని రాయడం మానేస్తే ఫైలు చిన్నదవుతుంది. సెకనుకు 1,411 కిలోబిట్ల సీడీ శబ్దం 128లోకి కుదిరింది ఇలాగే. వాద్యాలు లేకుండా సుజాన్ వేగా పాడిన 'టామ్స్ డైనర్' పాట మీద బ్రాండెన్‌బర్గ్ పరీక్షించినప్పుడు మొదట్లో గొంతు దారుణంగా వచ్చింది. దాన్ని సరిచేస్తూ పోయే క్రమంలోనే పద్ధతి మెరుగుపడింది.

128 కిలోబిట్లలో చాలా ఎన్‌కోడర్లు 16 కిలోహెర్ట్జ్ పైన ఉన్నదంతా కోసేస్తాయి. మన వైపు రిమిక్సుల్లో ఎక్కువగా వాడే శబ్దాలకే ఈ కోత బాగా తగులుతుంది. చెక్కభజనలో చెక్కలకు బిగించిన బిళ్లల గలగలలో మెరుపు ఉండేది ఆ పై కంపనాల్లోనే. పలక మీద పుల్ల దెబ్బ ఇంకో రకంగా నష్టపోతుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకొని కుదిస్తుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచే దెబ్బ ముక్క మధ్యలో పడితే, కుదింపు వల్ల వచ్చే రొద దెబ్బకు ముందే పరుచుకుంటుంది. 'ఠక్' అనాల్సింది 'తుస్‌ఠక్' అన్నట్టు మెత్తబడుతుంది. వీడియో నుంచి దించుకున్న పాటను ఎంపీ3గా మార్చి, దాన్ని మిక్సులో వేసి, మిక్సును మళ్లీ ఎంపీ3 చేస్తే మూడుసార్లు కోత పడినట్టు. దించుకున్న 128 ఫైలును 320గా మార్చుకున్నా ఏమీ తిరిగి రాదు. పద్దెనిమిది క్యారెట్ల నగ మీద ఇరవై రెండు క్యారెట్ల ముద్ర కొట్టినట్టే అది, ప్రొద్దుటూరు బంగారు కొట్లవాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయితే నాణ్యత అంటే పై కంపనాలే అనుకోవడమూ సరికాదు. కడప ఆకాశవాణి మీడియం వేవ్ 900 కిలోహెర్ట్జ్ మీద ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల మూడూ పాటలు విన్న కాలం ఉంది. మీడియం వేవ్‌లో స్టేషన్ల మధ్య ఎడం 9 కిలోహెర్ట్జ్ మాత్రమే గనక శబ్దం నాలుగున్నర, ఐదు కిలోహెర్ట్జ్ దాటి చేరదు. అయినా ఆ పాటలు విసుగు పుట్టించలేదు. సినిమా హాళ్లదీ అదే కథ. పులివెందుల తాలూకా కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డి వాహినీ సంస్థ తరఫున తీసిన 'మల్లీశ్వరి' 1951లో వచ్చింది. ఆ రోజుల్లో శబ్దాన్ని ఫిల్ము అంచున కాంతి గీతగా అచ్చువేసేవారు. థియేటర్లో దాన్నుంచి వచ్చే శబ్దం దాదాపు 8 కిలోహెర్ట్జ్ దగ్గరే సన్నగిలిపోయేది. అంత ఇరుకులోనూ సాలూరి రాజేశ్వరరావు కూర్చిన పాటల్లో భానుమతి గొంతు, ఘంటసాల గొంతు, వెనక తీగ వాద్యాలు దేనికది విడిగా వినబడతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి తొక్కుకోలేదు గనక. పై కంపనాలు తగ్గితే చెవి సర్దుకుంటుంది. పగిలిన శబ్దానికి మాత్రం సర్దుకోదు, పది నిమిషాల్లో అలసిపోతుంది. అందుకే నన్ను ఎంచుకోమంటే ఖరీదైన ఫైలును పగలగొట్టి వినడం కంటే మామూలు ఫైలును శుభ్రంగా రికార్డు చేసుకోవడాన్నే ఎంచుకుంటాను.

వైర్ల దగ్గర జరిగే తప్పు ప్రధానంగా ఒకటే. మిక్సర్ నుంచి వచ్చే ఆర్‌సీఏ వైరును ల్యాప్‌టాప్ మైకు పిన్నులో గుచ్చడం. మైకు ఇచ్చేది కొన్ని మిల్లీవోల్టులు. దాన్ని పెంచడానికి ఆ పిన్ను వెనక ఒక యాంప్లిఫయర్ కాచుకొని ఉంటుంది. మిక్సర్ లైన్ అవుట్ నుంచి వచ్చేది వోల్టులో మూడో వంతు. దాదాపు వంద రెట్లు పెద్ద సిగ్నల్‌ను దాని నోట్లో పోస్తే పగలక ఏమవుతుంది? పైగా ఇప్పటి ల్యాప్‌టాప్‌ల హెడ్‌సెట్ పిన్ను మైకును మోనోగానే తీసుకుంటుంది కాబట్టి కుడి ఎడమల తేడా కూడా పోతుంది. లైన్ ఇన్ ఉన్న యూఎస్‌బీ సౌండ్ కార్డు చిన్నదైనా చాలు. మిక్సర్‌కు 'రెక్ అవుట్' ఉంటే మాస్టర్ అవుట్ బదులు దాన్నే వాడాలి. మాస్టర్ వాల్యూమ్ తిప్పినా రెక్ అవుట్ లెవెల్ మారదు. గదిలో సౌండు తగ్గించమని అమ్మ కేకేసినా రికార్డింగ్ చెక్కుచెదరదు.

కంట్రోలర్, ల్యాప్‌టాప్ మాత్రమే వాడేవాళ్లకు ఈ బెడదే లేదు. వర్చువల్ డీజే, సెరాటో, రెకార్డ్‌బాక్స్ లాంటి డీజే సాఫ్ట్‌వేర్లు లోపల్లోపలే రికార్డు చేసుకుంటాయి. శబ్దం బయటికి వచ్చి మళ్లీ లోపలికి పోదు గనక వైరు రొద, హమ్ ఏదీ అంటదు.

వైర్లు వాడేవాళ్లను వేధించేది 'హుమ్మ్' మనే ఆ మోత. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మోత 50లోనో, దాని రెట్టింపు 100లోనో ఉంటుంది. మిక్సర్ ఒక గోడ ప్లగ్గులో, ల్యాప్‌టాప్ చార్జర్ ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే రెండింటి ఎర్తుల మధ్య చిన్న వోల్టేజి తేడా ఉంటుంది. ఆడియో వైరు ఆ రెండింటినీ కలపగానే వైరు కవచం గుండా సన్నని కరెంటు తిరుగుతుంది. అదే మోత. చార్జర్ తీసేసి బ్యాటరీ మీద నడిపి చూడండి, మోత ఆగితే దొంగ దొరికినట్టే. అన్నిటినీ ఒకే పవర్ బోర్డుకు పెడితే చాలావరకు తగ్గుతుంది. కొందరు మూడో పిన్ను విరిచేస్తారు. ప్రాణాల మీదికి తెచ్చే పని అది, ఎన్నడూ చేయకూడదు. ఇళ్లలో ఎర్తు గుంత బొగ్గు, ఉప్పు వేసి పూడ్చినదైతే ఎండాకాలం మన నేల ఎండి బీటలు వారినప్పుడు దాని నిరోధం పెరిగిపోతుంది. అప్పుడు ల్యాప్‌టాప్ రేకు ముట్టుకుంటే జివ్వుమంటుంది, మోత కూడా పెరుగుతుంది. అప్పుడప్పుడూ ఆ గుంతలో బిందెడు నీళ్లు పోయడం పెద్దవాళ్లు ఊరికే చేసిన అలవాటు కాదు.

గది గురించి ఒక అపోహ తొలగించుకోవాలి. వైరు ద్వారానో, సాఫ్ట్‌వేర్ లోపలో రికార్డు చేసే మిక్సులోకి గది శబ్దం రాదు. గోడలకు స్పాంజి అతికించినంత మాత్రాన రికార్డింగ్ మెరుగుపడదు. గది పాడుచేసేది మన తీర్పును. జమ్మలమడుగు, యర్రగుంట్ల చుట్టుపక్కల గనుల్లో తీసే నాపరాయి మన ఇళ్లలో నేలంతా పరిచి ఉంటుంది, కొన్ని పాత ఇళ్లలో కప్పు కూడా అదే. నునుపు రాయి తన మీద పడిన శబ్దంలో నూటికి ఒకటి రెండు వంతులే మింగుతుంది, మిగతాదంతా తిప్పికొడుతుంది. అటువంటి గదిలో చప్పట్లు కొడితే ఖణేల్‌మంటుంది.

బేస్ దగ్గర ఇది మరీ ముదురుతుంది. వేసవి వేడిలో శబ్దం వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. పదడుగుల వెడల్పు గదిలో 57 హెర్ట్జ్ అల సరిగ్గా సగం పొడవున రెండు గోడల మధ్య ఇరుక్కుంటుంది. పన్నెండు అడుగుల పొడవుకైతే 48 హెర్ట్జ్. కిక్ దెబ్బ ఉండే చోటు అదే. అలా ఇరుక్కున్న అల గోడల దగ్గర బలంగా ఉంటుంది, గది నట్టనడుమ దాదాపు ఉండదు. గది మధ్యలో బల్ల వేసుకొని మిక్సు చేసే కుర్రాడికి బేస్ వినబడదు, పెంచుతాడు. అదే ఫైలు వీధిలో బేస్ బాక్సులకు ఇస్తే గుండెల మీద తన్నినట్టుంటుంది. బల్లను గది పొడవులో మూడో వంతు దగ్గరికి జరిపితే చాలా తేడా వస్తుంది. వెనక గోడకు పరుపో, మడతపెట్టిన బొంతో ఆనిస్తే పై కంపనాల ఖణఖణ తగ్గుతుంది. అయితే బేస్‌ను ఆపే శక్తి పరుపుకు లేదు. దానికి హెడ్‌ఫోన్లే దిక్కు. రాత్రి 10 దాటాక లౌడ్‌స్పీకర్లు మోగించకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి గనక, రాత్రిపూట సాధనకు కూడా అవే సరైనవి.

గది నిజంగా లెక్కలోకి వచ్చేది గొంతు రికార్డు చేసేటప్పుడు. మిక్సు మధ్యలో డీజే పేరు, ఊరి పేరు చెప్పే ఆ నాలుగు మాటల కోసం. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకు తిప్పి పెట్టి, చుట్టూ బట్టలు వేలాడే చోట మాట్లాడితే రాయి మోత రాదు. ఫ్యాను ఆపక తప్పదు. మన ఎండల్లో అది తెల్లవారుజామునే సాధ్యం.

రికార్డయ్యాకే గట్టితనం గురించి ఆలోచించాలి. అడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో మొత్తం ఫైలును మైనస్ 1 దాకా ఒక్కసారిగా పెంచుకోవచ్చు. ఎంపీ3 చేసేటప్పుడు అలలు కాస్త పైకి పొంగుతాయి కాబట్టి ఆ ఒక్క డెసిబెల్ వదిలేయాలి. అంతకు మించి బలవంతంగా నింపినా ఫలితం లేదు. యూట్యూబ్ ప్రతి పాట సగటు గట్టితనాన్ని కొలిచి మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (గట్టితనం కొలిచే ప్రమాణం) దాటినదాన్ని తనే తగ్గిస్తుంది. నలిపి పగలగొట్టి గట్టిగా చేసిన మిక్సు అక్కడ పక్కవాళ్ల మిక్సు లెవెల్‌కే దిగుతుంది, పగుళ్లు మాత్రం అలాగే మిగులుతాయి. బయటికి వదిలేముందు ఒకసారి ఫోన్ స్పీకర్లో, మోనోలో వినడం మంచిది. బాక్సులు చాలాచోట్ల మోనోలోనే నడుస్తాయి. కుడి ఎడమల్లో ఎదురెదురుగా ఉన్న శబ్దాలు అక్కడ ఒకదాన్నొకటి కొట్టేసుకొని మాయమవుతాయి.

అసలు కాపీని కుదించని వేవ్ ఫైలుగానే దాచుకోవాలి. గంట మిక్సుకు 16 బిట్లలో 635 ఎంబీ, 24 బిట్లలో 950 ఎంబీ పడుతుంది. 320 ఎంపీ3 అయితే 144 ఎంబీ, పంపడానికి అది చాలు. ఆ ఎంపీ3ని ఎప్పుడూ వేవ్ నుంచే చేయాలి, ఇంకో ఎంపీ3 నుంచి కాదు. వాట్సాప్‌లో వీడియోగానో, స్టేటస్‌గానో పెడితే మళ్లీ కుదించుకుంటుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నదున్నట్టు అవతలివాళ్లకు చేరుతుంది.